చిల్లర పళ్లెం

పొద్దున్న ఆరుంబావుకి
కొత్త చొక్కా మెడ దగ్గర గుడ్డముక్క కత్తిరిస్తాను.
కత్తిరించినా మొదలు మిగులుతుంది,
మా అన్న గడ్డం గీసుకున్నాక మిగిలే గరుకులా.
ఇక రోజంతా నా మెడ మీద ఎవరో
ఒకే మాట పదేపదే చెబుతున్నట్టుంటుంది.
చొక్కా తిరగేసి తొడుక్కుంటాను.
నా కుట్లు కనిపిస్తే
చూసేవాళ్లకే కష్టం, నాకు కాదు.

రీగాలో జనవరి.
పదకొండో నంబరు ట్రామ్, ఎడమ పక్క,
చివరి నుంచి మూడో సీటు.
అక్కడ కిటికీ రబ్బరు ఊడి గాలి ఈల వేస్తుంది.
ఆ ఈల నాకు తెలుసు.
తెలిసిన చప్పుడు పెంపుడు కుక్క,
తెలియనివే కరుస్తాయి.

ఇవాళ ట్రామ్ రాలేదు.
స్తంభానికి ఒక కాగితం:
పట్టాల మరమ్మతు, బస్సు ఎక్కగలరు.
ఎక్కగలరు అని రాసినవాడికి నేను తెలియదు.
అందరూ గొణుక్కుంటూ బస్సులోకి వెళ్లిపోయారు,
ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నీళ్లు ఒంపినట్టు.
నేను మంచుగడ్డని.
ఒంపితే రాను.

కుడి జేబులో అమ్మ అల్లిన ఉన్ని చేతి తొడుగు, ఒక్కటే.
రెండోది అమ్మతోనే మట్టిలోకి వెళ్లింది.
బొటనవేలు దూర్చి అంచు ముడులు లెక్కపెడతాను.
డెబ్బై రెండు.
డెబ్బై ఒకటి వస్తే మళ్లీ మొదటికి.
మూడుసార్లు డెబ్బై రెండు వచ్చాక
కాళ్లు నావయ్యాయి.
నడిచాను.

బజారులో చేపల హాలు తప్పించుకుని
చుట్టూ తిరిగి వెళితే రొట్టెల కొట్టు, స్కైద్రీతెది.
ఏడేళ్లలో ఒక్కసారీ నన్ను
బాగున్నావా అని అడగలేదు ఆవిడ.
నల్ల రొట్టె సగం, కాగితంలో చుట్టి.
ప్లాస్టిక్ సంచి గలగల ఉండదు.
చిల్లర నా చేతిలో పెట్టదు,
పింగాణీ పళ్లెంలో వేసి
పళ్లెం నావైపు జరుపుతుంది.
ఒక్క వేలితో.
ప్రేమంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే
ఆ వేలు చూపిస్తాను.

ఇవాళ ఆవిడ లేదు.
ఎవరో కుర్రాడు. బాగున్నారా అన్నాడు.
అడిగితే జవాబు చెప్పాలి కదా, చెప్పాను:
మెడ దగ్గర గరుకుగా ఉంది, ట్రామ్ రాలేదు,
మీ నెత్తిమీద ట్యూబ్‌లైటు జుమ్మంటోంది,
మీ సెంటు నా నాలుకకి తగులుతోంది,
రాత్రి నాలుగు గంటలే నిద్ర,
మొత్తమ్మీద పరవాలేదు, మీరు?

ఎక్కడ దించాలో తెలియని మూటలా
నవ్వు అతని మొహం మీదే ఉండిపోయింది.
వెనక వరుసలో ఎవరో దగ్గారు.
అతను నాణేలు నా అరచేతిలో పెట్టి,
వేళ్లు మూసి, పైన తట్టాడు.
ఆదరంగానే. అదే చిక్కు.
రొట్టె అక్కడే వదిలేసి వచ్చాను.

ఇంట్లో కోట్ల అలమరలో కూర్చుని, తలుపు వేసుకుని
అన్నకి మెసేజ్ పెట్టాను.
చిల్లర విషయం విజ్మా, అని రాశాడు తాలివాల్డిస్.
అవును, చిల్లరే.
నా దగ్గర నోట్లు ఎప్పుడూ లేవు.
మీరంతా ఒక్క నోటు పారేసి కొనుక్కునే పొద్దుని
నేను నాణెం నాణెం లెక్కేసి కొంటాను.
స్నానానికి ఇన్ని,
మెట్ల మీద పక్కింటావిడ ఎదురైతే ఇన్ని,
మోగిన ఫోను ఎత్తితే ఇన్ని,
ఎత్తకపోతే అంతకు రెట్టింపు.
నాలుగింటికి చీకటిపడేసరికి
జేబులో తొడుగు తప్ప ఏమీ ఉండదు.

మర్నాడు కూడా ట్రామ్ లేదు.
ఇంట్లోంచి అంచు విరిగిన సాసరు ఒకటి పట్టుకెళ్లి
అతని ముందు పెట్టాను.
సాసరు చూశాడు, నన్ను చూశాడు.
నాణేలు అందులో వేసి
తోశాడు, చాలా గట్టిగా.
రెండు కింద పడ్డాయి.
వంగి ఏరి, మళ్లీ వేసి,
ఈసారి మెల్లగా.

రొట్టె నిన్న నేను వదిలేసిందే, దాచి ఉంచాడు.
గట్టిపడింది.
ఎలా ఉందని అతను అడగలేదు.
అయినా చెప్పాను.